పడవ ప్రమాదములు

గోదావరిపై పాపికొండలకు పోవుచున్న విహారనౌక 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరుకడ మునిగి సుమా రేబదిమంది అసువులు బాసిరి. 2018 మే నెలలో మంటూరుకడ లాంచి మునిగినది. 2017 నవంబరులో కృష్ణపై పవిత్రసంగమమువద్ద ఇరువదిమందికి పైగా మరణించిరి. ప్రతిపర్యాయమును విచారణ, నష్టపరిహారము, కొలదిదినములు పడవల నిలుపుదల, పిదప యథాపూర్వము!

దీనిని దైవికమనుట కంగీకరింపజాలము. కచ్చులూరు దుర్ఘటననాడు గోదావరి వరదమీద నుండెను. అట్టి దినమున నావను విడువవచ్చునని నిర్ణయించినవా రెవరు? 1917 నాటి చట్టమును రద్దుచేసి 2021లో పార్లమెంటు లోతట్టు నావల చట్టమును చేసినది. నావల తనిఖీ, రిజిస్ట్రేషను, సిబ్బంది యర్హత, బీమా, అన్నింటికిని అందు నిబంధనలు గలవు. కాని రేవున నిలిచి తలలు లెక్కించు నుద్యోగి లేనిచో చట్టము కాగితమే. మితికి మించినవారిని దింపుటకును, వరదనాడు తాడు విప్పకుండ నాపుటకును ఒక్కని కధికార మీయవలెను. ప్రమాదము జరిగినచో సమాధానము చెప్పవలసినవాడును ఆతడే. శాఖ శాఖను చూపుట ఇక చాలును. లైఫ్ జాకెట్టు ఒంటికి కట్టనిదే నావ కదలరాదు.

ఇక ఈత. ఈతయే సర్వరక్షణమని మేము చెప్పము: కచ్చులూరు నావను అక్టోబరు 22న వెలికి తీసినప్పుడు కొన్ని శవములు లోపలనే దొరకినవి. అయినను కాలువలలోను చెరువులలోను బిడ్డలు మునుగుట నావలతో నిమిత్తము లేని నిత్యవిపత్తు. ప్రపంచ ఆరోగ్యసంస్థ బడిపిల్లలకు ఈతను, నీటి జాగ్రత్తలను నేర్పవలెనని చెప్పుచున్నది. కొలనులు లేవనుట సాకు. బంగ్లాదేశమున ఊరి చెరువులలో వెదురు వేదికలు కట్టి నేర్పిరి. గోదావరి మండలములలో వెదురునకు కొదువయా? వారమునకు రెండుగంటలు దీనికి కేటాయించుటకు అడ్డమేమో విద్యాశాఖవారు చెప్పవలెను.