గ్రంథాలయ కంప్యూటర్‌లో డ్రైవర్ల అప్‌డేట్‌పై కార్యవర్గ తీర్మానం

అధ్యక్షుల వారి అనుమతితో, 2013లో సభ్యుల చందాలతో కొన్న గ్రంథాలయ కంప్యూటర్‌లో డ్రైవర్లన్నిటినీ ఒక్కసారే అప్‌డేట్ చేయించాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చింది.

ప్రతిపాదనకు మూలం ఒక తేదీ. డివైస్ మేనేజర్ తెరిచి చూసిన సభ్యునికి చాలా డ్రైవర్ల ఎదుట 21-6-2006 అని కనిపించింది. కంప్యూటర్ కొన్నదే 2013లో అయితే డ్రైవర్లు అంతకు ఏడేళ్ల ముందువా అన్నది వారి ప్రశ్న. ప్రశ్న సబబైనదే. అయితే విండోస్‌తో పాటు వచ్చే తన సొంత డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. ఒకే పరికరానికి సమానంగా సరిపడే డ్రైవర్లు రెండు ఉంటే విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను తనది పక్కకు నెట్టకుండా ఈ ఏర్పాటు. కనుక ఆ తేదీని బట్టి డ్రైవర్ పాతబడిందని అనుకోనక్కరలేదని కార్యదర్శి వివరించగా సభ సంతృప్తి చెందింది.

నిరుడు ఉచితంగా దొరికే ఒక అప్‌డేటర్ ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ మారిపోయి, తెర మీద అక్షరాలు అడ్డంగా సాగి, పుస్తకాల జాబితా కుడి అంచు కనబడకుండా పోయిన సంగతిని గ్రంథపాలకురాలు గుర్తు చేశారు. రోల్ బ్యాక్ నొక్కితే గానీ అది దారికి రాలేదు.

కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ విషయం వేరుగా చర్చించడమైనది. దానికి పేజీని సిద్ధం చేసి పంపేది కంప్యూటర్‌లోని డ్రైవరే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసే మన రసీదులు, వార్షికోత్సవ ఆహ్వానాలు అన్నీ దాని మీదే అచ్చవుతున్నాయి. సవ్యంగా నడుస్తున్న ఆ డ్రైవర్‌ను కదపడానికి కారణమేదీ సభకు కనబడలేదు.

కావున ప్రస్తుతం గ్రాఫిక్స్, సౌండ్, ప్రింటర్ డ్రైవర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని తీర్మానించడమైనది. ఇంటర్నెట్ తరచు తెగిపోతున్నందున ముందు కేబుల్, స్విచ్ మార్చి చూడాలి. అప్పటికీ కుదరకపోతే నెట్‌వర్క్ డ్రైవర్ ఒక్కటే, మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచే తెచ్చి వేయాలి. వేసేముందు రిస్టోర్ పాయింట్ పెట్టి, సభ్యుల, పుస్తకాల జాబితాలు బయటి హార్డ్ డిస్క్‌కు ఎక్కించి, పాత నెట్‌వర్క్ డ్రైవర్‌ను పెన్ డ్రైవ్‌లో ఉంచుకోవాలి. కొత్తది మొరాయిస్తే పాతది దించుకోవడానికి ఆ కంప్యూటర్‌లో నెట్ ఉండదు కదా! అప్‌డేటర్ ప్రోగ్రాములు ఇకపై ఎవరూ వేయరాదు.

డ్రైవర్లు మార్చినంత మాత్రాన భద్రత సమకూరదని కూడా సభ నమోదు చేస్తున్నది. ఈ కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇందులోని మూడో తరం ఐ3 ప్రాసెసర్ విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో లేదు. అందుచేత బ్యాంకు లావాదేవీలు ఈ కంప్యూటర్‌లో జరపరాదు. కొత్తది కొనే విషయం కోశాధికారి అంచనాతో వచ్చే సమావేశంలో పరిశీలించాలి.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి. బలపరచినవారు: గ్రంథపాలకురాలు. ఎలాగూ కొత్తది కొనేటప్పుడు నెట్‌వర్క్ డ్రైవర్ జోలికి కూడా పోవద్దన్న ఒక సభ్యుని అసమ్మతిని నమోదు చేస్తూ, మెజారిటీతో ఆమోదించడమైనది.