నాలుగో స్థానానికీ చోటుంది!

గోదావరిఖనిలో ఏ ఇంటికెళ్లినా 'ఈ వారం ఏ షిఫ్టు?' అన్నది క్షేమ సమాచారం లాంటిదే. ఆ ఇంట్లో భోజనం ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు చదువుకోవాలి, టీవీ చప్పుడు ఎంత ఉండాలి... అన్నీ దాన్నిబట్టే. ఒకరు బాయిలోంచి పైకొస్తుంటే ఇంకొకరు దిగుతుంటారు. డ్యూటీ దిగే సర్దారు రూఫ్ ఎక్కడ బలహీనంగా ఉందో, నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయో తర్వాతి షిఫ్టు సర్దారుకు చెబుతాడు. బొగ్గు ఏ ఒక్కరి పేరు మీదా పైకి రాదు.

అచ్చం ఇలాంటి అప్పగింతే ఈతలోనూ ఉంది. అదే రిలే.

పరుగు పందెంలో అయితే చేతికర్ర ఉంటుంది. ఈతలో అదీ లేదు. నీళ్లలో ఉన్న ఈతగాడు వచ్చి గోడను ముట్టుకోవాలి, గట్టు మీద ఉన్నవాడు దూకాలి. చేతులు ఊపుకోవచ్చు, ముందుకు వంగొచ్చు... కానీ కాళ్లు మాత్రం గోడ ముట్టేదాకా దిమ్మెను వదలకూడదు. పెద్ద పోటీల్లో దీన్ని యంత్రాలు కొలుస్తాయి. సెకనులో వందో వంతులు మూడు దాటి ముందు కదిలితే చాలు, జట్టు మొత్తం అవుట్! మనం రెప్ప వేయడానికి కూడా అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. ఒకరి తొందరకు నలుగురి శ్రమా పోతుందన్నమాట.

ఇంకో విశేషం. రిలేలో మొదటివాడి టైమే వ్యక్తిగత రికార్డుకు లెక్క. మిగతా ముగ్గురూ ఎదుటివాడి రాకను చూసుకుంటూ దూకుతారు కాబట్టి ఎంత వేగంగా ఈదినా అది వాళ్ల పేరున ఎక్కదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌నే తీసుకోండి. 4x100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో అమెరికా చివరి ఈతగాడు జేసన్ లేజాక్. వయసు 32. పక్క వరుసలో అంతకుముందే ప్రపంచ రికార్డు సాధించిన ఫ్రాన్స్ ఆటగాడు అలెన్ బెర్నార్డ్. చివరి 50 మీటర్లకు తిరిగేటప్పటికి కూడా లేజాక్ వెనకే ఉన్నాడు. అక్కణ్నుంచి అందుకుని 46.06 సెకన్లలో 100 మీటర్లు ముగించాడు. అప్పటిదాకా రిలేలో అంత వేగంగా ఎవరూ ఈదలేదు. అమెరికా గెలిచింది కేవలం 0.08 సెకన్ల తేడాతో! ఆ ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ గెలిచిన ఎనిమిది స్వర్ణాల్లో అదొకటి. ఎనిమిది పతకాల ఫెల్ప్స్ అందరికీ గుర్తే. లేజాక్ ఎందరికి గుర్తు? అంతేకాదు, హీట్స్‌లో మాత్రమే ఈది, ఫైనల్‌ను గట్టు మీద నుంచి చూసిన వాళ్లకూ స్వర్ణాలు ఇచ్చారు. ఫైనల్‌కు తీసుకెళ్లింది వాళ్లే కదా మరి!

ఇక మన సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో సచిన్ నాగ్ 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాడు. అదే పోటీల్లో మన జట్లు రెండు రిలేల్లో కాంస్యాలు తెచ్చాయి. ఆ తర్వాత 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల దాకా రిలేలో మనకు మరో పతకం లేదు. మధ్యలో ఖజాన్ సింగ్, వీర్‌ధవల్ ఖడే, సందీప్ సెజ్వాల్ తలో పతకం తెచ్చారు. అంటే మనకు ఒక్కొక్కరు దొరుకుతున్నారు. ఒకేసారి నలుగురు దొరకడమే కష్టమవుతోంది.

అందుకే హాంగ్‌ఝౌలో ఈదిన రెండు జట్ల గురించి చెప్పుకోవాలి. ఒకటి మహిళల 4x200 మీటర్ల ఫ్రీస్టైల్ జట్టు. అందులో మన హైదరాబాద్ అమ్మాయి వృత్తి అగర్వాల్ ఉంది. దూరం ఎక్కువ ఉండే ఫ్రీస్టైల్ పోటీల్లో తెలంగాణ తరఫున జాతీయ పతకాలు తెచ్చిన అమ్మాయి. ఆమెతో పాటు కర్ణాటక నుంచి హషిక రామచంద్ర, ధినిధి దేసింఘు, అస్సాం నుంచి శివాంగి శర్మ. ధినిధికి అప్పటికి 13 ఏళ్లే! మూడు రాష్ట్రాల పిల్లలు కలిసి జాతీయ రికార్డును తిరగరాసి ఫైనల్లో ఈదారు. పతకం రాలేదు. కానీ ఆ రికార్డు నలుగురిదీ.

రెండోది పురుషుల మెడ్లీ రిలే. ఇందులో ఒక్కొక్కరిదీ ఒక్కో రకం ఈత. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్ నీళ్లలోంచే మొదలవుతుంది కాబట్టి అదే ముందు. తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, చివర ఫ్రీస్టైల్. శ్రీహరి నటరాజ్, లిఖిత్, సాజన్ ప్రకాశ్, తనీష్ జార్జ్ మాథ్యూల జట్టు ఫైనల్లో అయిదో స్థానంలో నిలిచింది.

వీళ్లలో సాజన్ కథ మన బొగ్గు బెల్టుకు దగ్గరిది. పుట్టింది కేరళ. పెరిగింది తమిళనాడులోని నైవేలిలో... అదీ మనలాంటి ఊరే, లిగ్నైట్ గనుల ఊరు. తల్లి శాంతిమోళ్ అథ్లెట్. అక్కడి లిగ్నైట్ కార్పొరేషన్‌లో ఉద్యోగం. ఆ గనుల ఊళ్లోనే పిల్లాడు ఈత నేర్చుకున్నాడు. 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్ నేరుగా అర్హత సాధించిన తొలి భారత ఈతగాడయ్యాడు. హాంగ్‌ఝౌ రిలేకి వచ్చేసరికి వయసు ముప్పై.

అయితే ఒక్క సాజన్‌ను చూసి మురిసిపోతే సరిపోదు. ఒలింపిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత ఈతకు ఒక దేశం నుంచి ఇద్దరికి మించి వెళ్లడానికి లేదు. మరి దేశంలో మూడో, నాలుగో స్థానంలో ఉన్నవాళ్ల సంగతేంటి? వాళ్లకు దారి రిలేనే. ఒక్కరి మీదే ఆశ పెట్టుకుంటే ఆ మూడో, నాలుగో పిల్లలు పదో తరగతి పరీక్షల నాటికి ఈత మానేస్తారు. 'ఫస్టు రావట్లేదుగా, ఇంకెందుకు?' అన్న మాట మన ఇళ్లలో వినిపించేదే. ఆ మాటతో పోయేది ఒక్క పిల్లాడి సరదా కాదు, ఒక జట్టు.

నలుగురిని పోగేయడం మన కాలనీల్లో నిజానికి సులువు. ఒకే వరుస క్వార్టర్లలో ఈడు పిల్లలు ఉంటారు, ఒకే బడికి పోతారు. కావాల్సిందల్లా శుభ్రమైన నీళ్లు, నేర్పేవాళ్లు, ఏడాది పొడవునా సాధన. వేసవి సెలవుల్లో నెల రోజులు నేర్పి వదిలేస్తే జట్టు కాదు కదా, ఈతే సరిగా రాదు.

మరో మాట, ఇది పతకాల కన్నా ముఖ్యం. మన ఊరి పక్కనే గోదావరి ఉంది. పైన నిండుగా, నిదానంగా కనిపించినా అడుగున గుంతలుంటాయి. ఎండాకాలం స్నేహితులతో సరదాగా దిగి తిరిగిరాని పిల్లల వార్తలు చదవని వాళ్లం కాదు. పిల్లలకు ఈత నేర్పండి... నదిలో కాదు, కొలనులో, నేర్పేవారి కళ్లెదుట. రిలే నేర్చుకున్న పిల్లలకు పక్కవాడి మీద కన్నేసి ఉంచడం కూడా అలవాటవుతుంది.

ఈసారి మీ అమ్మాయో, అబ్బాయో పోటీ నుంచి వచ్చి 'నాలుగో స్థానం వచ్చింది' అని తలొంచుకుంటే నిట్టూర్చకండి. మిగతా ముగ్గురూ ఎవరో కనుక్కోండి. జట్టు అక్కడే ఉందేమో!