బార్ నంబర్ చూసి ప్రెషర్ వాషర్ కొనకండి.. అసలు విషయం పంపులో ఉంది

ఫోన్ విషయంలో మనల్ని బుట్టలో వెయ్యడం ఈ రోజుల్లో అంత ఈజీ కాదు. 200 మెగాపిక్సెల్ అనగానే సెన్సార్ సైజ్ ఎంత అని అడుగుతాం. 120 వాట్స్ చార్జింగ్ అంటే, అది ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చెప్పమంటాం. కానీ అదే మనం బైక్ కడుక్కోవడానికో, కారు కోసమో ప్రెషర్ వాషర్ కొనేటప్పుడు బాక్స్ మీద "మ్యాక్స్ 150 బార్" అని కనపడితే చాలు, కార్ట్‌లో వేసేస్తున్నాం. ఏడాది తిరిగేసరికి ప్రెషర్ రావట్లేదని మూలన పడేస్తున్నాం.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ప్రెషర్ వాషర్‌లో బార్ నంబర్ అంటే ఫోన్‌లో మెగాపిక్సెల్ లాంటిదే. అబద్ధం కాదు, కానీ దాన్ని ఒక్కదాన్నే చూసి కొంటే డబ్బులు దండగ. మనం చూడాల్సింది పంపు. ఇంకో మాట, "పంపు పోయింది" అని పక్కన పెట్టేసే మెషీన్లలో చాలావాటికి పంపు అసలు పోయి ఉండదు.

పంపు ప్రెషర్‌ని పుట్టించదు

వినడానికి వింతగా ఉంటుంది కానీ ఇదే అసలు పాయింట్. పంపు చేసే పని నీళ్లని ముందుకి తొయ్యడం, అంతే. నిమిషానికి ఇన్ని లీటర్లు అని తోస్తూనే ఉంటుంది. ఆ నీళ్లు బయటికి వెళ్లే దారిలో నాజిల్ అనే సన్నని రంధ్రం అడ్డం ఉంటుంది కాబట్టి ప్రెషర్ పుడుతుంది. పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరం కొడతాయి కదా, అలాంటిదే.

ఇక్కడ లెక్క కూడా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. నాజిల్ దగ్గర ప్రెషర్ అనేది ఫ్లో యొక్క వర్గాన్ని బట్టి మారుతుంది. ఫ్లో మూడో వంతు తగ్గితే ప్రెషర్ మూడో వంతు తగ్గదు, సగం కంటే కిందికి పడిపోతుంది. నాజిల్ రంధ్రం అరిగి వ్యాసం 10 శాతం పెరిగితే, అదే ఫ్లోకి ప్రెషర్ దాదాపు మూడో వంతు పోతుంది. అందుకే చిన్న సమస్యకి కూడా "మెషీన్ చచ్చిపోయింది" అనిపించేంత తేడా వస్తుంది.

కొనే ముందు 600తో భాగించండి

స్పెక్ షీట్‌ని నమ్మాలో లేదో తేల్చుకోవడానికి ఒక ఫార్ములా చాలు. బార్‌ని నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి, 600తో భాగిస్తే నీళ్లకి అందే పవర్ కిలోవాట్లలో వస్తుంది.

ఒక మెషీన్ మీద 150 బార్, నిమిషానికి 8 లీటర్లు, 1800 వాట్స్ మోటార్ అని రాసి ఉందనుకుందాం. 150 ఇంటూ 8 అంటే 1200. దాన్ని 600తో భాగిస్తే 2 కిలోవాట్లు. మోటార్ కరెంట్ నుంచి తీసుకునేదే 1.8 కిలోవాట్లు అయితే, నీళ్లకి 2 ఎక్కడి నుంచి వస్తాయి? మధ్యలో వేడి, రాపిడి వల్ల పోయేది వేరే ఉంది. అంటే ఆ రెండు నంబర్లు ఒకేసారి నిజం కావు. ఒకటి దాదాపు ఫ్లో లేనప్పటి ప్రెషర్, ఇంకోటి నాజిల్ లేనప్పటి ఫ్లో.

అందుకే "మ్యాక్స్" అని ఉన్నవి వదిలేసి "రేటెడ్" లేదా "వర్కింగ్" ప్రెషర్ చూడండి. 90 బార్, 5.5 లీటర్లు, 1400 వాట్స్ అని రాసినవాడు నిజాయితీగా రాశాడని అర్థం. నీళ్లకి 0.825 కిలోవాట్లు వస్తుంది, మిగతాది నష్టం. నమ్మేలా ఉంది కదా. బైక్‌కి, కారుకి ఇది చాలు కూడా.

పంపు లోపల ఏముంటుంది?

ఇంట్లో వాడే మెషీన్లలో ఎక్కువగా ఉండేది మూడు పిస్టన్ల పంపు. మోటార్ షాఫ్ట్‌కి ఏటవాలుగా ఒక ప్లేట్ ఉంటుంది. అది తిరుగుతుంటే మూడు పిస్టన్లు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి వెళ్తాయి. స్ప్రింగులు వాటిని మళ్లీ వెనక్కి తోస్తాయి. పిస్టన్ వెనక్కి వచ్చినప్పుడు నీళ్లు లోపలికి, ముందుకి వెళ్లినప్పుడు బయటికి. నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోకుండా ఒక్కో పిస్టన్‌కి రెండు చెక్ వాల్వులు. మొత్తం ఆరు. పిస్టన్ చుట్టూ రబ్బరు సీల్స్.

స్పీడ్ చూడండి. ఇండక్షన్ మోటార్ మన 50 హెర్ట్జ్ కరెంట్ మీద నిమిషానికి సుమారు 2800 రౌండ్లు తిరుగుతుంది. అంటే మూడు పిస్టన్లు కలిపి సెకనుకి దాదాపు 140 స్ట్రోకులు. నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే పంపులో ఒక్కో స్ట్రోక్‌కి కదిలేది ఒక మిల్లీలీటర్ కూడా కాదు. ఇంత సున్నితమైన చోట ఒక్క ఇసుక రేణువు వాల్వ్ కింద ఇరుక్కుంటే ఆ పిస్టన్ ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది. మూడింట్లో ఒకటి పని చెయ్యకపోతే ఫ్లో మూడింట రెండొంతులు, ప్రెషర్ సగం కంటే తక్కువ. మోటార్ సౌండ్ మాత్రం మామూలుగానే ఉంటుంది.

తక్కువ ధర మోడల్స్‌లో కార్బన్ బ్రష్‌లు ఉండే యూనివర్సల్ మోటార్ వాడతారు. తేలిగ్గా ఉంటుంది, గోల ఎక్కువ, బ్రష్‌లు అరుగుతాయి. ఇండక్షన్ మోటార్ బరువు, ధర ఎక్కువ, కానీ సౌండ్ తక్కువ, ఎక్కువ కాలం వస్తుంది. పంప్ హెడ్ కూడా అంతే, ప్లాస్టిక్ కంటే ఇత్తడో అల్యూమినియమో ఉన్నది దెబ్బలకి తట్టుకుంటుంది. వారానికి ఒకసారి బైక్ కడిగేవాళ్లకి మొదటి రకం ఓకే. నాలుగిళ్ల వాళ్లు కలిసి వాడుకుంటే రెండోదే తీసుకోండి.

"పోయింది" అనే ముందు డీబగ్ చెయ్యండి

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా పనిలో ఒక రూల్ ఉంటుంది: ఇన్‌పుట్ సరిగా ఉందో లేదో చూడకుండా కోడ్‌ని తిట్టకూడదు. ప్రెషర్ వాషర్‌కి కూడా అదే వర్తిస్తుంది. మా పక్క ఫ్లాట్ అంకుల్ మెషీన్‌ని ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, విప్పకుండానే పంప్ మార్చాలన్నారు. కొత్త మెషీన్ ధరలో సగం పైనే చెప్పారు. ఆయన ఇంటికి తెచ్చేశాక ఇద్దరం కూర్చుని చూస్తే, నీళ్లు వచ్చే దగ్గర ఉన్న చిన్న జాలీ ఫిల్టర్ నిండా బోరు నీళ్ల మడ్డి. కడిగి పెడితే పని చేసింది. అందుకే ఈ ఆర్డర్‌లో చెక్ చెయ్యమంటున్నా.

1. ప్రెషర్ అస్సలు రావట్లేదు, మోటార్ మాత్రం తిరుగుతోంది. ముందు బకెట్ టెస్ట్. ట్యాప్ కింద 10 లీటర్ల బకెట్ పెట్టి టైమ్ చూడండి. నిమిషంలో నిండితే ఫ్లో 10 లీటర్లు. ఇది మీ మెషీన్ ఫ్లో కంటే ఎక్కువ ఉండాలి. మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. 10 మీటర్ల ఎత్తు నీళ్లు ఉంటేనే సుమారు 1 బార్ వస్తుంది. ఒక్క అంతస్తు ఇంటి మీద ట్యాంక్ ఉంటే అందులో సగం కూడా రాదు. తర్వాత ఫిల్టర్ కడగండి. ఆ తర్వాత గాలి తియ్యండి: మెషీన్ ఆఫ్‌లోనే ఉంచి, నాజిల్ తీసేసి, ట్యాప్ తిప్పి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకోండి. బుడగలు లేకుండా నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వెయ్యండి. బకెట్ నుంచి నీళ్లు లాగే మోడల్ అయితే పైపుని ముందే నీళ్లతో నింపాలి, ఎక్కడా గాలి లాగకూడదు.

2. నాజిల్ ఏది పెట్టారో చూడండి. ఫోమ్ బాటిల్, డిటర్జెంట్ నాజిల్‌కి రంధ్రం పెద్దది. అవి పెట్టినప్పుడు ప్రెషర్ రాకపోవడం సమస్య కాదు, వాటి డిజైనే అది.

3. ప్రెషర్ వస్తూ పోతూ ఉంది. నాజిల్‌లో మడ్డి, ఇన్‌లెట్ దగ్గర గాలి లాగడం, లేదా చెక్ వాల్వ్ కింద చెత్త. మొదటిదానికి ప్లగ్ తీసేసి, నాజిల్ ఊడదీసి, సన్న పిన్నుతో పొడిచి, వెనక వైపు నుంచి నీళ్లు కొట్టండి. తెల్లటి పెచ్చు కట్టి ఉంటే నాజిల్‌ని కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలే.

4. ట్రిగ్గర్ వదిలేసినా మోటార్ కాసేపటికోసారి దానంతటదే స్టార్ట్ అయి ఆగుతోంది. దయ్యం కాదు, లీకు. ఇంటి మెషీన్లలో గన్ మూసినప్పుడు లోపల ప్రెషర్ నిలబడి, ఒక చిన్న స్విచ్ మోటార్‌ని ఆపుతుంది. ఎక్కడో కారితే ప్రెషర్ పడిపోతుంది, స్విచ్ మళ్లీ ఆన్ చేస్తుంది. గన్ దగ్గర, హోస్ జాయింట్ల దగ్గర ఓ-రింగులు చూడండి. తక్కువ ధరకే దొరికే రబ్బరు ముక్క అది. అక్కడ ఏమీ లేకపోతే లోపలి చెక్ వాల్వ్ వైపు అనుమానించాలి.

5. మోటార్ "మ్మ్" అని మూలుగుతుంది, తిరగదు. వెంటనే ఆఫ్ చెయ్యండి. సన్న వైరు ఉన్న పొడవైన ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతున్నారా? వోల్టేజ్ పడిపోయి మోటార్ స్టార్ట్ కాదు. డైరెక్ట్‌గా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి. అప్పటికీ అంతే అంటే కెపాసిటర్ పోవడమో, పంపు పట్టేయడమో అయ్యుండొచ్చు. ఇక్కడి నుంచి మెకానిక్ పని. ఆఫ్ చేసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉండొచ్చు, చెయ్యి పెట్టొద్దు.

6. గులకరాళ్లు కొట్టుకుంటున్నట్టు సౌండ్. నీళ్లు చాలక పంపులో ఆవిరి బుడగలు పుట్టి పగులుతున్నాయని అర్థం. ఇలాగే వాడితే నిజంగానే సీల్స్, వాల్వులు దెబ్బతింటాయి. ఆపి, ఇన్‌లెట్ చూసుకోండి.

7. పంపు కింద నీళ్లు, ఆయిల్ పాలలా తెల్లగా మారడం. సీల్స్ అరిగిపోయాయి. ఇది నిజమైన పంపు రిపేరే. కానీ చాలాసార్లు మారాల్సింది సీల్ కిట్ మాత్రమే, మొత్తం పంపు కాదు.

వాడకంలో రెండు అలవాట్లు చాలు. నీళ్లు లేకుండా ఒక్క సెకను కూడా ఆన్ చెయ్యొద్దు, ఎందుకంటే సీల్స్‌ని చల్లగా ఉంచేది ఆ నీళ్లే. పని అయ్యాక స్విచ్ ఆఫ్ చేసి, ట్యాప్ కట్టేసి, ట్రిగ్గర్ నొక్కి లోపల మిగిలిన ప్రెషర్ వదిలెయ్యండి.

సరదా కాదు, జాగ్రత్త

రీల్స్‌లో కొంతమంది చెప్పులేసుకున్న కాళ్లనే ప్రెషర్ వాషర్‌తో కడుగుతున్నారు. 100 బార్ ధార చర్మంలోకి దిగుతుంది. పైన చిన్న గాటులా కనిపించినా నీళ్లు, మురికి లోపలికి వెళ్లిపోతాయి. అలా జరిగితే బ్యాండ్‌ఎయిడ్ వేసుకుని ఊరుకోవద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ధార దగ్గర వేలు పెట్టి లీకు వెతకడం కూడా వద్దు. టైర్లకి, బైక్ వైరింగ్‌కి మరీ దగ్గరగా కొట్టొద్దు.

ఇంకో డౌట్ మనవాళ్లకి తప్పకుండా వస్తుంది: ఐపీ69 ఫోన్‌ని దీనితో కడగొచ్చా? ఐపీ68 నిలవ నీళ్లలో ముంచే టెస్ట్, ధారకి దానితో సంబంధం లేదు. ఐపీ69లో 80 డిగ్రీల వేడి నీళ్లని 80 నుంచి 100 బార్‌తో, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం నుంచి కొడతారు. కానీ అది ల్యాబ్‌లో, నిర్ణయించిన నాజిల్‌తో, కొత్త ఫోన్ మీద. మీ ఇంట్లో పెన్సిల్ జెట్‌తో, రెండుసార్లు కింద పడిన ఫోన్ మీద కాదు.

నేను అడిగేది ఇదే

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. ఫోన్లతో పాటు ఇళ్లలో వాడే కన్స్యూమర్ డ్యూరబుల్స్ కూడా అందులో ఉన్నాయి. ఫోన్ బ్యాటరీ మార్చుకోనివ్వడం లేదని మనం గొడవ చేస్తాం. మంచిదే. కానీ వందల్లో అయిపోవాల్సిన సీల్ కిట్ దొరక్క, వేలు పోసి కొన్న మెషీన్ పాత సామాన్లకి పోతోందంటే అది కూడా అదే గొడవ కదా?

రివ్యూలు చేసేవాళ్లని కూడా అడుగుతున్నా. అన్‌బాక్స్ చేసి, ఒక బురద బైక్ కడిగి, "ప్రెషర్ అదిరింది" అని ముగించొద్దు. రేటెడ్ ఫ్లో ఎంత, పంప్ హెడ్ దేనితో చేశారు, మోటార్ ఏ రకం, సీల్స్ విడిగా అమ్ముతున్నారా, పంపు విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ చాలా? ఈ ఐదు చెప్పండి.

కొనేవాళ్లకి నా సలహా ఒక్కటే. రెండు మోడల్స్ మధ్య తేల్చుకోలేకపోతే, 20 బార్ ఎక్కువ ఇచ్చేది కాదు, స్పేర్ పార్టులు దొరికేది తీసుకోండి. బార్ ఎంతైనా సీల్స్ ఏదో ఒక రోజు అరుగుతాయి. ఆ రోజు మీ చేతిలో ఉండాల్సింది సీల్ కిట్, కొత్త మెషీన్ బిల్లు కాదు.