ఐదేళ్ల పిల్లాడికి మళ్లీ బారసాలా?

ఇంటెల్ కంపెనీ పెద్దలకు,

2025లో మీరు తెచ్చిన కోర్ ఐ5-110 గురించే ఈ ఉత్తరం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 2.9 నుంచి 4.3 గిగాహెర్ట్జ్, 12 ఎంబీ క్యాష్ మెమరీ, 65 వాట్లు, 14 నానోమీటర్లు, ఎల్‌జీఏ 1200 సాకెట్. ఈ జాతకం ఎవరిదో మీకు నేను చెప్పాలా? 2020లో పుట్టిన ఐ5-10400ది. ఐదేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చి మళ్లీ ఉయ్యాల్లో వేశారు, చెవిలో కొత్త పేరు చెప్పారు.

మా మేనల్లుడి గేమింగ్ పీసీలో ఐ3-10100 ఉంది, హెచ్‌410 బోర్డు మీద. ప్రాసెసర్ మారుస్తాడట. "మామయ్యా, లేటెస్ట్ 110 ఉండగా పాత 10400 ఎందుకు?" అన్నాడు. రెండూ ఒకటేరా అంటే, నాకు వయసు మీదపడిందనుకున్నాడు. వాడి తప్పేముంది?

పాత చిప్పంటే నాకు చిన్నచూపు లేదండి. వాడికి నేను చెప్పిందీ పాతదే. బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఉన్నవి ఉండనీ, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తిరిగి సెకండ్ హ్యాండ్ 10400 గానీ, ఎనిమిది కోర్ల 10700 గానీ చూడు, మిగిలింది గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు అన్నాను. రిజల్యూషన్ పెంచేకొద్దీ చాలా ఆటల్లో ముందు ఆయాసపడేది కార్డే. పాతది పాతదని చెప్పి అమ్మితే మేం కొనమా? మరెందుకు దాయడం?

పోనీ, కొత్తదే కొనమందామా? అదే 1200 సాకెట్‌కి మీ 11వ తరం ఉంది. పిన్నులు కలుస్తాయి, మామూలు హెచ్‌410 బోర్డు మాత్రం ఒప్పుకోదు. 2017లోనూ ఇంతే కదా? 1151 పిన్నులు అలాగే ఉంచి, 8వ తరానికి 300 సిరీస్ బోర్డే కావాలన్నారు. జెడ్‌270 కొని ఏడాదైనా తిరగనివాళ్లు ఏమైపోవాలి? అవతల ఏఎండీవాళ్ల 2017 నాటి బోర్డుల్లో బయాస్ మార్చుకుంటే 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ కూడా నడుస్తోంది. వాళ్లూ ముత్యాలేం కాదు లెండి, 2020లో పాత బోర్డులకు కుదరదనేసి, జనం తిట్టాక దారికొచ్చారు. తిడితే వినేవాళ్లైనా కొంత నయం.

ఇక 2024లో కోర్ అల్ట్రా 285కె. 1851 సాకెట్, అంటే మళ్లీ కొత్త బోర్డు, డీడీఆర్5. ఇంతా చేసి చాలా ఆటల్లో మీ పాత 14900కె ముందే నిలవలేకపోయింది. ఆ 14900కె సంగతి మీకు తెలియనిదా? వోల్టేజీ జబ్బు, మైక్రోకోడ్ మందు, పైన రెండేళ్ల వారంటీ పొడిగింపు. జబ్బుచేసి లేచిన పాతదాన్ని నమ్ముకోవాలా, దాని వెనకబడ్డ కొత్తదానికి బోర్డుతో సహా కట్నం పోయాలా?

పేర్ల విషయంలో కాస్త ఆలోచించండి. ఎలాగో మీకే తెలియాలి.

ఇది రాస్తుండగానే మావాడి నుంచి వాట్సాప్. బోర్డు కూడా మార్చేస్తాడట. 12100 కంటే 14100 రెండు తరాలు ముందుంది కదా, అదే మేలు కదా అని అడుగుతున్నాడు. మధ్యలో వచ్చిన 13100తో కలిపి మూడింటికీ అవే నాలుగు కోర్లు, అదే 12 ఎంబీ. 12100కి గరిష్ఠం 4.3, 13100కి 4.5, 14100కి 4.7 గిగాహెర్ట్జ్. మా భాషలో తరమంటే తండ్రికీ కొడుక్కీ మధ్య ఉండే దూరం. వాడికేం జవాబు పెట్టమంటారు?

ఇట్లు,
ఒక మేనమామ