మెడ నులుము పిట్ట

ఈ నెల మీతో నొక చిన్న పక్షిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

గడచిన చలికాలమున మేము పల్నాటిలోని బెల్లంకొండకు బోయియుంటిమి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గ మచ్చటి కొండపై గలదు. ఆ కొండ దిగువ నొక బాలుడు బూడిదవన్నె పిట్ట నొకదానిని పట్టి తెచ్చెను. అది వాని గుప్పిటిలో నుండియే మెడను సాగదీసి, మెలిపెట్టి, తల వెనుకకు త్రిప్పసాగెను. చూచిన పెద్దమ్మ యొకతె, "అయ్యో! ఇది పాము పూనిన పిట్టరా నాయనా! ఇంటికి కీడు. రాతితో కొట్టి అవతల పారేయి" అనెను. మేము వారించి దానిని విడిపించితిమి.

ఆ చేష్టలో మాయ యేమియు లేదు. ఇది వడ్రంగిపిట్టల కుటుంబములోనిదే గాని, వానివలె మ్రానిని తొలువజాలదు. ఇతర పక్షులు తొలిచి విడిచిన తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టును. శత్రువు తొఱ్ఱలోనికి తొంగిచూచినచో పారిపోవ దారి యుండదు. అప్పుడు మెడ నులుముచు పామువలె బుసకొట్టును. చీకటిలో పామున్నదని తలచి వచ్చినది వెనుదీయును. విషము లేదు, కాటు లేదు. బిడ్డలను గాచుకొను ఉపాయ మింతియే.

పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఒంటిపై చెట్టు బెరడు వంటి చారలు. ఐరోపాలోను, ఉత్తరాసియాలోను, కాశ్మీరమునందును పిల్లలను లేపి, చలికాలమునకు మన మైదానములకు వచ్చును. జిగురుగల పొడవైన నాలుకతో చీమలను పట్టి తినును.

ప్రాచీన గ్రీకులు దీనిని చక్రమునకు గట్టి త్రిప్పినచో ప్రియుని మనస్సు తమవైపు మరలునని నమ్మిరి. వారు దీనిని పిలిచిన పేరునుండియే 1758లో లిన్నేయసు పండితుడు 'జింక్స్' అను శాస్త్రనామమును గైకొనెను. ఇంగ్లీషున అరిష్టమునకు వాడు 'జింక్స్' అను మాటకును ఇదియే మూలమని పలువురు చెప్పుదురు. ప్రాణభయమున మెడ త్రిప్పినందుకు పాప మీ పిట్టకు దక్కిన బిరుదు లివి!

శకునము పేర నిరపరాధులను నిందించుట మన యిండ్లలో పక్షులతోనే ఆగినదా? శుభకార్యమున ఎదురు రావలదని ఒక మూల కూర్చుండబెట్టిన అత్తనో, పిన్నినో మీ రెరుగరా? ఆమెయందును కీడు లేదు; కీడు మన భయములోనే యున్నది. పిల్లలకు పిట్టను చూపి ఈ సంగతి చెప్పుడు. వారు చేతిలోని రాయితో పాటు ఆ మాటను గూడ విడిచిపెట్టుదురు.