మొదటి ఉత్తరంలో క్షమాపణ దేనికి?

 

పోయిన వారం హుజూర్‌నగర్ దగ్గరి తండా తమ్ముడొకడు ఫోన్‌కు ఒక పేజీ పంపిండు. "అన్నా, సొంతంగా న్యూస్‌లెటర్ మొదలుపెడుతున్న. కొత్తగా చదివేటోళ్లకు నా గురించి చెప్పుకునే మొదటి ఉత్తరం ఇది. జర చూడు" అన్నడు. చూసిన. మొదటి నాలుగు వాక్యాలూ క్షమాపణలే. నేను పెద్ద రచయితను కాను. నా తెలుగు అంత బాగుండదు. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. నేను తండా నుంచి వచ్చినవాణ్ని.

తండా నుంచి రావడం కూడా తప్పుల లెక్కలోనే చేరిందన్నమాట.

వాణ్ని ఏమీ అనలేదు. ఆ వాక్యాలు వాడివి కావు. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, కాలేజీకి పోయేసరికి ఇంగ్లిష్. మూడు చోట్లా మాట తప్పితే నవ్వేవాళ్లే. అలా పెరిగిన పిల్లవాడు కలం పట్టగానే ముందు వంగి దండం పెడతాడు. మనలో చాలామంది మొదటి రాతలు తీసి చూసుకోండి, ఇదే దండం కనిపిస్తుంది. నా రాతల్లోనూ ఉంది.

సొంత పత్రిక పెట్టుకుని ముక్కూమొహం తెలియని పాఠకుడికి "నేను ఫలానా" అని చెప్పుకోవడం మన నేలకు కొత్త కాదు. 1922లో నిజాం రాజ్యంలో తెలుగు రాతకు దిక్కులేని రోజుల్లో, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రిక తెచ్చాడు. అదే ఏడాది ఇనుగుర్తి అనే ఊళ్లో ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రిక పెట్టారు. ఊళ్లోనే అచ్చు యంత్రం, అన్నదమ్ములే రాసేవాళ్లు. అవి ఎక్కువ కాలం నడవలేదు. కానీ 1926లో ‘గోలకొండ పత్రిక’ వచ్చే నాటికి చదివే అలవాటు కొంతైనా నాటుకుని ఉంది. తర్వాత తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకోలేదు, 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశాడు. మన పక్క పాలమూరు మనిషే.

అప్పుడు తెలంగాణలో కవులు లేరన్నారు. ఇప్పుడు తండాల్లో, గూడేల్లో రాసేవాళ్లు లేరంటున్నారు. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు కూడా, "మీలో రాసేవాళ్లున్నారా" అని నన్ను అడిగిన పెద్దమనిషి ఉన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

మన సంఘంలో కొందరు పెద్దలకు ఈ సొంత ఉత్తరాల మీద అనుమానం ఉంది. "ఉద్యమానికి పేజీ ఉంది కదా, మళ్లీ ఎవరి దుకాణం వాళ్లకెందుకు? పేరు కోసమా?" అంటారు. పేరు కోసం రాసేవాళ్లు ఉంటారు, కాదనను. అయినా నేను పిల్లల పక్షమే. ఈ పేజీలో పెట్టిన పోస్టు ఎంతమందికి కనిపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. నలుగురు కలిసి రిపోర్టు కొడితే పేజీయే మూతపడొచ్చు. న్యూస్‌లెటర్ అయితే చదివేవాళ్ల ఈమెయిల్ చిరునామాలు రాసేవాడి దగ్గరే ఉంటాయి. సబ్‌స్టాక్ లాంటివి నచ్చకపోతే ఆ జాబితా తీసుకుని ఇంకో చోటికి పోవచ్చు. దుకాణం మారినా ఖాతా పుస్తకం మన చేతిలోనే.

ఇంకో కారణం చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. ఉద్యమం పేజీ ఒక్క గొంతుతోనే మాట్లాడాలి. అందుకే కొన్ని మాటలు ఇక్కడ రావు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఆ విషయం మీద ఆదిలాబాద్‌లో గోండు, కోలాం అన్నదమ్ములకు ఉన్న బాధ 2017 చివర్లో గొడవల దాకా పోయింది. లంబాడీ ఇంట్లో పుట్టిన నేను ఆ బాధను పోస్టుల్లో చదవలేదు. పోస్టుల్లో తిట్లే చదివాను. ఉట్నూరు నుంచి ఒక గోండు చెల్లె తన ఇంటి సంగతి తీరిగ్గా రాసి ప్రతి వారం పంపితే, నచ్చినా నచ్చకపోయినా కూర్చుని చదువుతా. ఆమె కూడా మనవాడి ఉత్తరం చదవాలి. కామెంట్ల కింద ఇది జరిగే పని కాదు.

సరే, తమ్ముడి పేజీకి వద్దాం. క్షమాపణలు అయిపోయాక లంబాడీలంటే ఎవరో మొదలుపెట్టిండు: అద్దాల రైక, తీజ్ పండుగ, ఎక్కడి నుంచో వచ్చిన ఎడ్ల బండ్లు. అన్నీ నిజాలే. కానీ ఎవరికి చెబుతున్నట్టు? పట్నం పాఠకుడికి. వాళ్ల యాడికి అద్దాల రైక గురించి చెప్పాల్నా? మొదటి ఉత్తరంలోనే మనల్ని మనం ఎగ్జిబిషన్‌లో నిలబెట్టుకుంటే, తర్వాతి ఉత్తరాలకు కూడా జనం బొమ్మలు చూడడానికే వస్తారు.

నేను వాణ్ని అడిగింది ఒక్కటే. "నీ ఉత్తరం రాకపోతే ఎవరికి నష్టం?" చాలాసేపు పలకలే.

జవాబు వాళ్ల ఊరి చుట్టే ఉంది. మట్టంపల్లి, మేళ్లచెరువు అంతా సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల నేల. గని తవ్వాలన్నా, ఫ్యాక్టరీ పెంచాలన్నా చాలా వాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. పత్రికలు చేరని చోట డప్పు చాటింపు వేయించాలని కూడా అందులో ఉంది. మన తండాల్లో పేపర్ వచ్చేది ఎన్ని ఇళ్లకు? ఏ పేజీలో ఏ మూల ఆ ప్రకటన పడిందో చూసేది ఎవరు? మీటింగ్ అయిపోయాక టెంట్లు విప్పేటప్పుడు తెలిసి లాభమేంది? ఆ ప్రకటన పడ్డ రోజే ఏ సర్వే నంబర్లు, ఏ తారీఖు, ఎక్కడ మీటింగ్ అని మన మాటల్లో రాసి పంపేవాడు ఒక్కడుంటే, ఆ డప్పు పని వాడు చేసినట్టే.

అయితే తండాలో ఈమెయిల్ తెరిచేది ఎవరు? చదువుకున్న పిల్లలు. అందుకని ఉత్తరం రాసి ఊరుకోవద్దు. అదే సంగతిని గోర్ బోలిలో మూడు నిమిషాలు చదివి, రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టాలి. గోర్ బోలికి సొంత లిపి లేదని బాధపడతాం గానీ, వినడానికి లిపితో ఏం పని? ఒక జాగ్రత్త: భూమి తగాదాల్లో ఉన్నవాళ్ల పేర్లు, ఫొటోలు వాళ్లను అడగకుండా పెట్టొద్దు. మెచ్చుకోళ్లు మనకొస్తాయి, పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది వాళ్లు.

పైసల గురించి కూడా మొదటి ఉత్తరంలోనే చెప్పేయాలి. చందా తీసుకుంటే ఎంత, దేనికి. ఊరికే పంపితే ఖర్చు ఎవరు పెడుతున్నారు. అడగడం తప్పు కాదు, దాస్తేనే తర్వాత మాట పడాల్సి వస్తది.

నిన్న రాత్రి తమ్ముడు మళ్లీ పంపిండు. ఈసారి మొదటి వాక్యంలో వాళ్ల తండా పేరు, మండలం పేరు. రెండో వాక్యంలో, ప్రతి ఆదివారం పొద్దుగాల చుట్టుపక్కల తండాలకు సంబంధించిన సర్కారు ప్రకటనలు, గ్రామసభ తారీఖులు, భూముల సంగతులు పంపుతానని. వినాలనుకునేవాళ్లకు గోర్ బోలిలో వాయిస్ కూడా ఉంటుందట. చివర్న ఇంకో వాక్యం: తప్పులుంటే క్షమించండి.

"ఇదేందిరా?" అని ఫోన్ చేసిన.

"కింద పెట్టిన కదా అన్నా, పైన తీసేసిన" అన్నడు.