యంత్రానికి అధికారం, ఉద్యోగికి నిందయా?

బిలాస్‌పూర్ రిజర్వేషన్ కౌంటరులో గాని, తపాలా కార్యాలయంలో గాని కంప్యూటరు నిలిచిపోయినపుడు ప్రజాగ్రహాన్ని భరించేది అచ్చట కూర్చున్న ఉద్యోగి. లోపం మాత్రం సుదూరాన గల డేటా కేంద్రంలో ఉండవచ్చును.

తపాలా శాఖ 2025లో తన నూతన వ్యవస్థను ‘మేఘరాజ్’ అనే ప్రభుత్వ క్లౌడ్‌పై నెలకొల్పినది. అదే సంవత్సరం మే 3న ఈ రాష్ట్రంలోనే, నవ రాయపూర్‌లో కృత్రిమ మేధ డేటా కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. సొంత కేంద్రాలను, అద్దె క్లౌడ్‌ను కలిపి నడిపే సంస్థలలో పనిభారాన్ని ఎటు మళ్ళించవలెనో, ఏ పరికరం చెడిపోనున్నదో కనిపెట్టే పనిని నేడు కృత్రిమ మేధకు అప్పగిస్తున్నారు.

యంత్రానికి మేము విరోధులము కాము. వేలాది పరికరాలను రాత్రింబవళ్ళు కనిపెట్టియుండుట మనిషికి అసాధ్యమని ఎరుగుదుము. అయితే 2018లో తన కేంద్రాల శీతలీకరణను కృత్రిమ మేధకు అప్పగించిన గూగుల్ సంస్థ సైతం, దానిని ఏ క్షణాననైనా తప్పించే అధికారాన్ని ఆపరేటర్లకే ఉంచినది. లాభాలకై నడిచే సంస్థ పాటించిన జాగ్రత్త ప్రజాసేవకు అక్కరలేదా?

కావున రైల్వే, తపాలా యాజమాన్యాలను మేము కోరునవి మూడు. యంత్ర నిర్ణయాన్ని ఆపగల అధికారం శిక్షణ పొందిన శాశ్వతోద్యోగి చేతిలో ఉండవలెను. ప్రతి నిర్ణయమూ నమోదు కావలెను. ఆ నమోదును పరిశీలించకుండా ఏ కౌంటరు ఉద్యోగికీ చార్జిషీటు ఇవ్వరాదు. అధికారమున్న చోటనే బాధ్యత ఉండవలెను.